పురుగు మందుకు అలవాటు పడలేదన్నా: డార్విన్ మీద తిరుగుతున్న మెసేజీకి జవాబు

పరకాల దగ్గర మా ఊళ్ళో పత్తి వేసే మా పెద్దనాన్న కొడుకు పోయిన వారం మా ఇంటి వాట్సాప్ గ్రూపులో ఒక మెసేజీ పెట్టాడు. కింద నాకోసమే ఒక ముక్క రాశాడు. "చెల్లె, నువ్వు గిన్నేండ్లు పిల్లలకు చెప్పింది గిదేనా? అంత అబద్ధమని తేలిందట గదా."

ఆ మెసేజీ మీలో చాలామందికి వచ్చే ఉంటుంది. డార్విన్ పరిణామ సిద్ధాంతం కూలిపోయిందని, అందుకే పదో తరగతి పుస్తకంలోంచి తీసేశారని మొదలవుతుంది. ఆ తర్వాత ఏడు మాటలు. అది వట్టి సిద్ధాంతమే, రుజువు కాలేదు. డార్విన్ దాన్ని మన దశావతారాల నుంచి దొంగిలించాడు. మనిషి కోతి నుంచి వస్తే కోతులు ఇంకా ఎందుకున్నాయి? ఒక జీవి మారడం ఎవరూ కళ్ళతో చూడలేదు. నడిమి జీవుల ఎముకలు ఎక్కడా దొరకలేదు. చనిపోయే ముందు డార్విన్ తప్పు ఒప్పుకున్నాడు. హిట్లర్‌ను తయారు చేసింది ఈ సిద్ధాంతమే.

నేను ముప్పై ఏళ్ళు బడుల్లో జీవశాస్త్రం చెప్పి రిటైరయ్యాను. అన్నకు ఫోన్లో సగమే చెప్పగలిగాను, మిగతాది ఇక్కడ రాస్తున్నాను. మెసేజీ వరసలోనే పోతాను. నాలుగో మాట దగ్గర మాత్రం ఎక్కువసేపు ఆగుతాను, అది మా ఇంటి సంగతి కాబట్టి.

"అది వట్టి సిద్ధాంతమే"

ఇది ఇంగ్లీషు మెసేజీలోంచి తెలుగులోకి వచ్చిన మాట. ఇంగ్లీషువాళ్ళు మామూలు మాటల్లో థియరీ అంటే ఊహ అనే అర్థంలో వాడతారు. తెలుగులో సిద్ధాంతం ఊహ కాదు. మన శాస్త్ర చర్చల్లో ఎదుటివాళ్ళ వాదాన్ని ముందు పూర్వపక్షంగా నిలబెడతారు, దాన్ని పరీక్షిస్తారు, ఖండిస్తారు, అన్నీ అయ్యాక నిలబడ్డదాన్ని సిద్ధాంతం అంటారు. పరీక్ష కాకముందు ఉండేది పరికల్పన. రోగాలను సూక్ష్మజీవులు తెస్తాయన్నది కూడా సిద్ధాంతమే. "వట్టి సిద్ధాంతమే" అని ఆపరేషన్‌కు ముందు చేతులు కడుక్కోని డాక్టరు దగ్గర ఎవరం పడుకోం. ఈ మాటకు ఇంతకంటే సమయం అక్కర్లేదు.

"దశావతారాల నుంచి దొంగిలించాడు"

ఇది మాత్రం వివరంగా చూడాలి, ఎందుకంటే ఇక్కడ ఒక మనిషి నిజాయితీ సంగతి ఉంది.

డార్విన్ 1831 డిసెంబరులో బీగిల్ ఓడ ఎక్కి 1836 అక్టోబరులో ఇంగ్లండ్ తిరిగొచ్చాడు. 1837లో తన నోటుపుస్తకంలో కొమ్మలు చీలిన చెట్టు బొమ్మ ఒకటి గీసుకున్నాడు. 1838లో మాల్థస్ జనాభా వ్యాసం చదివాడు. పుట్టేవాళ్ళు పెరిగినంత వేగంగా తిండి పెరగదన్నది దాని సారం. అక్కడ ముక్కలన్నీ అతికాయి. ఒక తల్లి పిల్లల్లోనే చిన్న చిన్న తేడాలుంటాయి, పుట్టినవన్నీ బతకవు, బతికినవి తమ తేడాను తమ పిల్లలకు ఇస్తాయి. ప్రకృతి వరణం అని మనం పుస్తకాల్లో చదివేది ఇదే. 1842లో చిత్తు రాశాడు, 1844లో పెద్ద వ్యాసంగా పెంచాడు, అచ్చు వేయకుండా దగ్గర పెట్టుకున్నాడు.

1858లో ఇప్పటి ఇండోనేషియాలోని టెర్నేట్ దీవి నుంచి ఆల్ఫ్రెడ్ రస్సెల్ వాలెస్ పంపిన కాయితాలు వచ్చాయి. వాలెస్ పక్షుల్ని, పురుగుల్ని పట్టి అమ్ముకుని బతికే పేదవాడు. జ్వరంతో వణుకుతూ పడుకున్నప్పుడు ఆయనకూ ఇదే ఆలోచన వచ్చింది. ఆయనా మాల్థస్‌ను చదివినవాడే. ఆ కాయితాలు పొయ్యిలో వేసి ఉంటే ఎవరికీ తెలిసేది కాదు. డార్విన్ వాటిని స్నేహితులకు చూపించాడు. 1858 జులై 1న లండన్‌లోని లినియన్ సొసైటీలో ఇద్దరి రాతలూ కలిపి చదివారు. ఆ రోజు ఇద్దరూ అక్కడ లేరు. వాలెస్ దీవుల్లో ఉన్నాడు. డార్విన్ మూడు రోజుల కిందట ఎర్రజ్వరంతో పోయిన పసికొడుకు దుఃఖంలో ఇంట్లో ఉన్నాడు. పుస్తకం 1859 నవంబరు 24న వచ్చింది, మొదటి ముద్రణ 1250 ప్రతులు. 1861 నాటి మూడో ముద్రణలో, తనకంటే ముందు ఇలా ఆలోచించినవాళ్ళ గురించి ప్రత్యేకంగా ఒక వ్యాసం చేర్చాడు. పాట్రిక్ మాథ్యూ అనే స్కాట్లాండ్ మనిషి ఓడల కలప మీద 1831లో రాసిన పుస్తకం అనుబంధంలో ఈ ఆలోచనే చెప్పాడని అందులో ఒప్పుకున్నాడు. దొంగిలించినవాడు ఇతరుల పేర్లు వెతికి మరీ అచ్చు వేయించడు.

ఇక దశావతారాల పోలిక ఎప్పుడు మొదలైందో చూడండి. 1877లో థియోసాఫికల్ సొసైటీ స్థాపకుల్లో ఒకరైన బ్లావట్‌స్కీ రాసింది. 1882లో బ్రహ్మసమాజం నాయకుడు కేశవ చంద్ర సేన్ ఆ మాట అన్నాడు. రెండూ డార్విన్ పుస్తకం ప్రపంచమంతా తిరిగాకే. డార్విన్‌ను విన్నవాళ్ళు దశావతారాల్లో పరిణామాన్ని చూసుకున్నారు. దారి అటు నుంచి ఇటు కాదు.

ఇంకో సంగతి. చేప, తాబేలు, పంది, సగం మనిషి, పొట్టి మనిషి అనే వరస మనకు బాగా నాటుకుపోయింది. మన పక్క బమ్మెరలో పుట్టిన పోతన్న భాగవతం తెరిచి, ప్రథమ స్కంధంలో అవతారాల లెక్క చదవండి. మొట్టమొదట వచ్చేది బ్రహ్మచారులైన సనకాదులు. వరాహం రెండోది. చేప పదోది, తాబేలు పదకొండోది. మధ్యలో నారదుడు, కపిలుడు, దత్తాత్రేయుడు, పృథువు అందరూ వచ్చిపోతారు. పోతన్న జీవుల వంశవృక్షం చెప్పడానికి కూర్చోలేదు. లోకానికి ఆపద వచ్చినప్పుడల్లా దేవుడు ఏ రూపంలోనైనా దిగి వస్తాడన్న భరోసా చెప్పాడు. మా అమ్మ రోజూ ఆ పద్యాలు పాడుకునేది. వాటికి డార్విన్ సాక్ష్యం కావాలని ఆమెకు ఎప్పుడూ అనిపించలేదు. భాగవతాన్ని జీవశాస్త్రం పుస్తకంగా మారిస్తే రెంటికీ అన్యాయమే.

"కోతులు ఇంకా ఎందుకున్నాయి?"

మా ఊళ్ళలో కోతుల గోస ఎంత ఉందో చెప్పక్కర్లేదు. ఇంటి మీద పెంకు ఉంచవు, చేన్ల కంకి ఉంచవు. వాటిని బెదిరించడానికి కొండెంగను తెచ్చి కట్టేసుకున్న ఊళ్ళున్నాయి. అలాంటి కోతి నీ తాత అంటే ఎవరికైనా మనసు ఒప్పదు.

కానీ పరిణామ శాస్త్రం అలా అననే లేదు. నేను మా అన్నకు పుట్టలేదు. మా బాపు, వాళ్ళ బాపు అన్నదమ్ములు, వాళ్ళకు తండ్రి ఒక్కడు. నేను ఉన్నాను కాబట్టి అన్న ఉండకూడదని ఎవరూ అనరు. మనిషికీ చింపాంజీకీ చుట్టరికం ఇలాంటిదే. రెండు పాయలూ ఒక్క పూర్వీకుల గుంపు నుంచి సుమారు 60, 70 లక్షల ఏళ్ళ కిందట విడిపోయాయి. మన ఇంటి మీద దూకే కోతితో చుట్టరికం ఇంకా దూరం, రెండున్నర కోట్ల ఏళ్ళ పైమాట.

ఆ చుట్టరికానికి సాక్ష్యం మన ఒంట్లో ప్రతి కణంలో ఉంది. చింపాంజీకి 24 జతల క్రోమోజోములు, మనకు 23 జతలు. ఒక జత ఎటు పోయింది? వరంగల్ జంపఖానాలు రెండు తీసుకుని కొసలు కలిపి కుడితే ఏమవుతుంది? అంచులు నడుమకు వస్తాయి. మన రెండో క్రోమోజోము అలాగే ఉంది. ప్రతి క్రోమోజోముకు కొసన ఉండాల్సిన అంచు గుర్తులు దీనికి నడుమ కూడా కనిపిస్తాయి. చింపాంజీలో విడిగా ఉన్న రెండు క్రోమోజోములతో పక్కపక్కన పెడితే వరస సరిపోతుంది. పిల్లలకు ఈ పాఠం చెప్పేటప్పుడు నేను రెండు తువ్వాళ్ళు కుట్టి తీసుకుపోయేదాన్ని.

"మారడం ఎవరూ కళ్ళతో చూడలేదు"

ఒక పత్తి రైతు ఈ మాటను పది మందికి పంపడం నన్ను బాధపెట్టింది. చూసినవాళ్ళలో ముందువరసలో ఉన్నది ఆయనే.

1997 పంట గుర్తు చేసుకోండి. పచ్చపురుగు, దాని వెనకే లద్దెపురుగు. మా బాపు మోనోక్రోటోఫాస్ కొట్టాడు, ఎండోసల్ఫాన్ కొట్టాడు, సైపర్‌మెత్రిన్ కొట్టాడు, చివరికి రెండు మూడు మందులు ఒకే డ్రమ్ములో కలిపి కొట్టాడు. ముందు వారానికోసారి, తర్వాత రెండు రోజులకోసారి. పురుగు ఆకు మీద అలాగే పాకుతూ ఉండేది. ఆ చలికాలం వరంగల్ జిల్లాలో ఎంతోమంది పత్తి రైతులు అదే మందు తాగి చనిపోయారు. అప్పులు, వడ్డీలు, వానలు, కల్తీ మందులు, ధర, అన్నీ కలిసి వాళ్ళను చంపాయి. ఏ ఒక్కటీ కాదు. కానీ మందు పనిచేయకపోవడానికి కల్తీ ఒక్కటే కారణం కాదు. అసలు మందుకు కూడా చావని పురుగులు అప్పటికే పొలాల్లో ఉన్నాయి. అంతకు పదేళ్ళ ముందు, 1987లో, గుంటూరు, ప్రకాశం జిల్లాల పత్తిలో పచ్చపురుగు ఇలాగే మందులకు లొంగకుండా పోయింది.

అప్పుడు ఊరంతా ఒక మాట అనేది. "పురుగు మందుకు అలవాటు పడ్డది." ఇప్పటికీ అంటారు. అన్నా, ఈ ఒక్క మాట దగ్గరే పొరపాటు ఉంది. మనిషి కల్లుకు అలవాటు పడ్డట్టు పురుగు మందుకు అలవాటు పడదు. బతికుండగా సంపాదించిన అలవాటు పిల్లలకు పోతుందని ఫ్రాన్సులో లామార్క్ 1809లో చెప్పాడు. సరిగ్గా డార్విన్ పుట్టిన ఏడు. జీవులు మారతాయని ధైర్యంగా చెప్పినందుకు లామార్క్ గొప్పవాడు, ఎలా మారతాయన్న దగ్గరే తప్పాడు. చేనులో లక్ష పురుగులున్నాయనుకో. వాటిలో పదింటికి పుట్టుకతోనే ఆ విషాన్ని విరగ్గొట్టే గుణం ఉంది. మందు కొట్టడానికి ముందే ఉంది. నువ్వు మందు కొట్టినవు, మిగతావన్నీ చచ్చినయ్. తిండి అంతా ఆ పదింటిదే, జోడు కట్టేదీ అవే. గుడ్లు పెట్టినయ్. మళ్ళీ అదే మందు కొట్టినవు. ఏ ఒక్క పురుగూ తన బతుకులో మారలేదు, మారింది గుంపు. ఏ పురుగులు తల్లులు కావాలో నీ పంపు తేల్చింది.

వాలెస్ జ్వరంలో చూసిందీ, డార్విన్ ఇరవై ఏళ్ళు దాచుకున్నదీ ఇదే. మా బాపు ఆ పంటలో కళ్ళారా చూశాడు, పేరొక్కటే తెలియదు.

బీటీ పత్తి 2002లో వచ్చింది. మట్టిలో ఉండే ఒక బాక్టీరియా జన్యువును పత్తిలో పెట్టారు, ఆకు తిన్న పురుగు చస్తుంది. 450 గ్రాముల విత్తనం డబ్బాలో 120 గ్రాముల చిన్న ప్యాకెట్ ఇంకోటి ఉండేది, నాన్‌బీటీ విత్తనం. దాన్ని చేను చుట్టూ వేయమన్నారు. ఎందుకో ఎవరూ నిలబడి చెప్పలేదు. ఎకరం, రెండెకరాల రైతు చుట్టూ పురుగుకు తిండి వేసి పెంచుతాడా? మా ఇంట్లో కూడా ఆ ప్యాకెట్ గట్టు మీదికే పోయింది. నేను సెలవులకు పోయినప్పుడు చూశాను, అప్పుడు నాకూ తోచలేదు. దాని వెనక ఉన్నదంతా డార్విన్ లెక్కే. బీటీని తట్టుకునే పురుగులు మొదట చాలా అరుదుగా ఉంటాయి. అలాంటివి రెండూ ఒకదానితో ఒకటి జోడు కడితే వాటి పిల్లలన్నీ తట్టుకుంటాయి. పక్కన నాన్‌బీటీ వరసల్లో మామూలు పురుగులు వేలకు వేలు బతికి ఉంటే, తట్టుకునేది మామూలుదానితోనే జోడు కడుతుంది. వాటి పిల్లలు బీటీ ఆకు తిని చస్తాయి. ఆ ప్యాకెట్ పురుగును పెంచడానికి కాదు, చావగలిగే పురుగు గుంపును కాపాడడానికి.

తర్వాత జరిగింది మనకు తెలుసు. గుజరాత్‌లో పత్తి కాయ లోపల చేరి తినే గులాబీ పురుగు మొదటి రకం బీటీని తట్టుకుంటోందని 2010 నాటికి తేలింది. రెండు జన్యువుల బీటీ 2006లో వచ్చింది, 2015 వచ్చేసరికి గుజరాత్‌లో అది కూడా గులాబీ పురుగు ముందు ఓడింది. 2017లో మన తెలంగాణ చేన్లలో విచ్చుకోని గుడ్డిపూలు, లోపల పుచ్చిన కాయలు. గులాబీ పురుగు తిండి దాదాపు పత్తి ఒక్కటే, పైగా మన హైబ్రిడ్లు నెలల తరబడి చేన్ల నిలబడతాయి. తరం మీద తరం తీయడానికి దానికి అంతకన్నా ఏం కావాలి?

అదే పురుగు, అదే బీటీ, అమెరికాలోని అరిజోనాలో కథ ఇంకోలా నడిచింది. అక్కడ నాన్‌బీటీ వరసలు వేయించారు. 2006 నుంచి పిల్లలు పుట్టకుండా చేసిన రెక్కల పురుగుల్ని కోట్లకొద్దీ వదిలారు. 2018 అక్టోబరులో గులాబీ పురుగు తమ దేశ పత్తిలో లేదని అమెరికా ప్రకటించింది. పరిణామం లెక్క ముందే వేసుకున్న చోట పురుగు పోయింది. లెక్క చెప్పని చోట ప్యాకెట్ గట్టు మీద పడ్డది.

వరిలోనూ ఇంతే. ఉల్లికోడు అనే పురుగును తట్టుకునే వరి రకాలు మన శాస్త్రవేత్తలు ఒకదాని తర్వాత ఒకటి తెచ్చారు, వాటిని కూడా దెబ్బకొట్టే ఉల్లికోడు గుంపులు వచ్చాయి. 2006లో వరంగల్ ఉల్లికోడును కొత్త జీవరూపంగా గుర్తించి 4ఎం అని పేరు పెట్టారు. ఒక జీవి మారిందని మన ఊరి పురుగు మీదే శాస్త్ర పత్రిక అచ్చువేసింది.

"పురుగు ఇంకా పురుగే కదా, కప్ప కాలేదు కదా" అని అన్న అడిగాడు. న్యాయమైన ప్రశ్నే. పదిహేనేళ్ళలో నాలుగు అడుగులు చూశాం. కోట్ల ఏళ్ళ నడక చూడాలంటే రాళ్ళలో వెతకాలి. అదే తర్వాతి మాట.

"నడిమి జీవుల ఎముకలు దొరకలేదు"

భూపాలపల్లి నుంచి మహాదేవపూర్ వైపు పోతే యామనపల్లి వస్తుంది. 1970ల చివర్లో ఆ ఊరి దగ్గర జియలాజికల్ సర్వే ఆఫ్ ఇండియా వాళ్ళు 840 ఎముకలు తవ్వి తీశారు. కనీసం 12 జంతువులవి. 1988లో యాదగిరి అనే శాస్త్రవేత్త దానికి కోటాసారస్ యామనపల్లియెన్సిస్ అని పేరు పెట్టాడు. మన ఊరి పేరు ఒక డైనోసార్‌కు ఇంటిపేరయింది. హైదరాబాదులో బిర్లా సైన్స్ సెంటర్‌కు పోయినవాళ్ళు దాని అస్థిపంజరం కిందే నిలబడి ఫోటోలు దిగుతారు, కానీ అది భూపాలపల్లిదని చాలామందికి తెలియదు.

ఈ జంతువు విలువ సైజులో లేదు. సౌరోపాడ్లు అంటే స్తంభాల్లాంటి నాలుగు కాళ్ళతో, పొడుగు మెడతో ఉండే భారీ డైనోసార్లు. కోటాసారస్ వాటిలో చాలా పాతది. నడక సౌరోపాడ్‌ది, కానీ తుంటి ఎముకలో, తొడ ఎముకలో అంతకుముందు డైనోసార్ల గుర్తులు ఇంకా పోలేదు. మెసేజీ దొరకలేదంటున్న నడిమి జీవి సరిగ్గా ఇలాగే ఉంటుంది. సగం చేప, సగం పక్షి అతికించినట్టు కాదు, పాత ఇంట్లో కొత్త గది కట్టినట్టు ఉంటుంది.

యామనపల్లి ఒక్కటే కాదు. ప్రాణహిత, గోదావరి లోయలో రాతి పొరల పేర్లు వినండి: ఎర్రపల్లి, భీమారం, మలేరి, ధర్మారం, కోట. అన్నీ ఆ దగ్గరి ఊళ్ళ పేర్లే. ఈ వరసలో కింద ఉన్నది పాతది, పైన ఉన్నది కొత్తది. అన్నిటికంటే అడుగున మన సింగరేణి బొగ్గు. బొగ్గుబాయిలో పనిచేసిన ఎవరినైనా అడగండి, రాతి మీద నాలుక ఆకారంలో ఆకు అచ్చులు చూసే ఉంటారు. గ్లాసోప్టెరిస్ చెట్టు ఆకులవి. ఆ పొరల్లో డైనోసార్ ముక్క ఒక్కటి లేదు. పైకి వస్తే మలేరి పొరలో ఒక చిన్న డైనోసార్ ముక్కలు దొరికాయి. ఇంకా పైన ధర్మారం పొరలో సౌరోపాడ్ల పూర్వీకులకు దగ్గరివి, వాటికి 2007లో పేర్లు పెట్టారు. ఆ పైన కోట పొరలో కోటాసారస్. నది అవతల సిరొంచ వైపు అదే కోట పొరలో ఇంకో భారీ సౌరోపాడ్ దొరికింది. 1961 టాగోర్ శతజయంతి ఏడు కాబట్టి దానికి ఆయన పేరు కలిపి బారాపాసారస్ టాగోరై అన్నారు. ఒక్కసారి ఈ వరస తలకిందులైతే, బొగ్గు పొరలో సౌరోపాడ్ ఎముక ఒక్కటి దొరికితే, పరిణామ శాస్త్రం ఇరుకున పడేది. సింగరేణి నూరేళ్ళకు పైగా తవ్వుతూనే ఉంది.

మలేరి రాళ్ళకు డార్విన్ కాలంతోనే సంబంధం ఉంది. నాగపూర్‌లో ఉన్న హిస్లప్ అనే క్రైస్తవ మతప్రచారకుడు అక్కడి ఎముకలు సేకరించి పంపితే, డార్విన్ తరఫున ఇంగ్లండ్‌లో అందరితో వాదించిన థామస్ హక్స్‌లీ వాటిని పరిశీలించాడు. చిలక ముక్కులాంటి మూతి ఉన్న ఒక సరీసృపానికి తర్వాత హక్స్‌లీ పేరే పెట్టారు, హైపరోడాపెడాన్ హక్స్‌లీ. దీని తోబుట్టువును హక్స్‌లీ 1859లో స్కాట్లాండ్ రాళ్ళ నుంచి వర్ణించాడు. ఆదిలాబాద్ అడవికీ స్కాట్లాండ్‌కూ మధ్య సముద్రాలు లేని రోజుల్లో, నేలంతా ఒక్కటిగా ఉన్నప్పుడు తిరిగిన జంతువది. దక్షిణపు పాత ఖండానికి గోండ్వానా అని పేరు. గోండుల నేల పేరది, మన ఆదిలాబాద్ గోండులూ ఆ జాతివాళ్ళే. ప్రపంచంలో ఏ భూగర్భశాస్త్రం పుస్తకం తెరిచినా వాళ్ళ పేరు ఉంటుంది.

ఇతర చోట్ల దొరికినవి రెండే చెబుతాను. 2004లో కెనడా ఉత్తరాన మంచు దీవిలో దొరికిన టిక్టాలిక్‌కు చేప పొలుసులూ ఉన్నాయి, నేల మీద ఒళ్ళు ఎత్తగల మణికట్టు ఎముకలూ ఉన్నాయి. ఇండోహియస్ మన దేశానిదే. జమ్మూ వైపు కాలాకోట్ దగ్గర రంగారావు అనే భూగర్భ శాస్త్రవేత్త సేకరించి దాచిన రాళ్ళలో, ఆయన పోయాక, చిన్న జింకలాంటి జంతువు పుర్రె బయటపడింది. దాని చెవి ఎముక తిమింగలాల్లో తప్ప కనిపించని తీరులో దళసరిగా ఉంది. 2007లో ప్రకటించారు.

"చనిపోయే ముందు తప్పు ఒప్పుకున్నాడు"

డార్విన్ 1882 ఏప్రిల్ 19న పోయాడు. ఈ కథ 1915లో అమెరికాలో లేడీ హోప్ అనే మత ప్రచారకురాలి పేరుతో అచ్చయింది, 33 ఏళ్ళ తర్వాత. చివరి రోజుల్లో తండ్రి దగ్గరే ఉన్న కూతురు హెన్రియెట్టా 1922లో దాన్ని అబద్ధమని రాసింది. ఒకవేళ నిజంగా ఒప్పుకున్నా గులాబీ పురుగుకు తేడా ఏమీ ఉండదు. ఇది ఒక గురువు చెప్పాడని నమ్మే సంగతి కాదు.

"హిట్లర్‌ను తయారు చేసింది ఇదే"

ఈ మాటను తేలిగ్గా తీసేయను. ఇందులో కొంత నిజం ఉంది, దాన్ని దాచకూడదు. మనుషుల్లో "మంచి రకాన్ని" పెంచాలనే ఆలోచనకు 1883లో యూజెనిక్స్ అని పేరు పెట్టింది ఫ్రాన్సిస్ గాల్టన్, డార్విన్‌కు దగ్గరి బంధువు. ఆ పేరుతో ఎన్నో దేశాల్లో పేదవాళ్ళకు, రోగులకు బలవంతంగా పిల్లలు పుట్టకుండా చేశారు. 1871లో డార్విన్ మనిషి మీద రాసిన పుస్తకంలో కొన్ని జాతులను తక్కువ చేసిన మాటలున్నాయి. ఇవాళ చదివితే మనసు కలుక్కుమంటుంది.

కానీ మిగతాది కూడా చెప్పాలి. జాతి మీద జాతి గొప్పని చెప్పే గోబినో పుస్తకం 1853, 1855 మధ్య వచ్చింది, డార్విన్ పుస్తకం కంటే ముందు. ఆ రోజుల్లో నల్లవాళ్ళు, తెల్లవాళ్ళు వేరువేరు జీవజాతులని వాదించే పండితులుండేవారు. మనుషులంతా ఒక్క మూలం నుంచి వచ్చారని డార్విన్ వాళ్ళకు ఎదురు నిలబడ్డాడు. బానిసత్వాన్ని అతను అసహ్యించుకున్నాడు. అతని తాత వెడ్జ్‌వుడ్ 1787లో బానిసత్వానికి వ్యతిరేకంగా పతకాలు చేసి పంచిన మనిషి. "బలవంతుడిదే బతుకు" అని మనం డార్విన్ మీద రుద్దే మాట కూడా మొదట హెర్బర్ట్ స్పెన్సర్ అనే ఇంగ్లీషు తత్వవేత్త 1864లో రాసింది. దాని అర్థం కూడా బలం కాదు, ఆ చోటుకు పొసగడం.

ఆ తేడా ఉత్తర తెలంగాణలో రోజూ కనిపిస్తుంది. ఆదిలాబాద్, ఆసిఫాబాద్ గోండు, కొలాం గూడేల్లో సికిల్ సెల్ జబ్బు ఉంది. తల్లి నుంచి, తండ్రి నుంచి రెండు వైపులా ఆ జన్యువు వచ్చిన బిడ్డకు ఎర్ర రక్తకణాలు కొడవలిలా వంగుతాయి, ఒళ్ళంతా నొప్పులు, ఆయుష్షు తగ్గుతుంది. ఒక్క వైపు నుంచే వచ్చిన బిడ్డ మామూలుగానే ఉంటుంది, పైగా మలేరియాకు అంత తొందరగా బలి కాదు. రక్త జబ్బులకూ మలేరియాకూ ఇలాంటి సంబంధం ఉంటుందని 1949లో హాల్డేన్ అనే ఇంగ్లండ్ జీవశాస్త్రవేత్త ఊహించాడు, 1954లో తూర్పు ఆఫ్రికాలో ఆలిసన్ సికిల్ సెల్ విషయంలో చూపించాడు. ఆ హాల్డేనే 1957లో మన దేశానికి వచ్చేసి, ఇక్కడే ఉండిపోయి, 1964లో భువనేశ్వర్‌లో పోయాడు. ఇప్పుడు చెప్పండి, ఆ జన్యువు మంచిదా, చెడ్డదా? దోమల అడవిలో తాతల్ని బతికించింది, మనవడిని మంచాన పడేసింది. దీని మీద కూర్చుని ఒక మనిషి జాతి గొప్పది, ఇంకో జాతి తక్కువది అని తీర్పు చెప్పేవాడికి జీవశాస్త్రం రాదు. గూడెం పిల్లకు పెళ్ళికి ముందు రక్తపరీక్ష ఎందుకో చెప్పే నర్సుకు మాత్రం వస్తుంది.

ఇక ఆ పదో తరగతి పుస్తకం

ఎన్‌సీఈఆర్‌టీ (కేంద్ర ప్రభుత్వ పాఠ్యపుస్తకాల సంస్థ) పదో తరగతి సైన్సులోంచి పరిణామం పాఠం తీసేసింది నిజమే. 2023లో వచ్చిన పుస్తకాల్లో "అనువంశికత, పరిణామం" కాస్తా "అనువంశికత" అయింది. కానీ అది అబద్ధమని తేలింది కాబట్టి తీశామని వాళ్ళు ఎక్కడా అనలేదు. కరోనా తర్వాత పిల్లల మీద భారం తగ్గించడానికన్నారు. పన్నెండో తరగతి జీవశాస్త్రంలో ఆ పాఠం అలాగే ఉంది. తీసేయొద్దని దేశంలో 1800 మందికి పైగా శాస్త్రవేత్తలు, ఉపాధ్యాయులు సంతకాలు చేశారు. నేను చెప్పిన రోజుల్లో మన రాష్ట్ర పదో తరగతి పుస్తకంలో లామార్క్, డార్విన్ ఇద్దరూ ఉన్నారు.

పదో తరగతి తర్వాత ఎంపీసీకో కామర్సుకో పోయే పిల్ల ఇంక ఈ పాఠం ఎప్పుడూ చదవదు. మా అన్న మనవరాలు ఈసారి ఎంపీసీలో చేరింది. ఫోన్లో అన్నకు ప్యాకెట్ సంగతి చెప్పేటప్పుడు స్పీకరు పెట్టి ఉంది, ఆ పిల్ల విన్నది. "అమ్మమ్మా, మరి మన చేన్ల ఇప్పుడు చావగలిగే పురుగులు ఎన్ని మిగిలినయ్?" అని అడిగింది. అన్న ఏమీ అనలేదు. నేను రేపు వస్తానని, చేనులో కాయలు కోసి చూద్దామని చెప్పాను.